గిర్మిట్ ముగిసిన రోజు కోసం లోవర్ హట్ దాకా

మార్చిలో ఒక మంగళవారం ఉదయం ఏడింటికి, దేశం దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో బస్సెక్కాను. అంతకు పది రోజుల ముందు తెలుగువాళ్ల ఫోన్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పంపింది వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో ఉండే ఆర్తి, ఫిజీలో పుట్టిన అమ్మాయి. వాళ్ల అమ్మమ్మకు తాత రామన్న. విశాఖ వైపు నుంచి ఫిజీ చెరకు తోటలకు ఐదేళ్ల అగ్రిమెంట్ మీద కూలీగా వెళ్లాడు. ఆ మాటే కూలీల నోట గిర్మిట్ అయింది. ఆ బానిస బతుకు ముగిసిన రోజును అధికారికంగా గుర్తించమని ఆర్తి వాళ్లు అక్కడి నగర కౌన్సిల్‌కి అర్జీ పెట్టారు. సభలో రామన్న ఓడ పాసును, అంటే ఓడెక్కేటప్పుడు కూలీ వివరాలు రాసిచ్చిన కాగితాన్ని, తెలుగులో చదివే మనిషి కావాలట. వెల్లింగ్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు అది పనిరోజు. నాకేమో సెలవులు మిగిలి ఉన్నాయి, వాటిని కలిసి గడపడానికి మనుషులే లేరు.

విమానంలో ఒక పూట ప్రయాణమే. కానీ ఆరేళ్లలో పాలిటెక్నిక్, ఫ్లాట్, వృద్ధాశ్రమంలో డ్యూటీ తప్ప ఈ దేశంలో ఏమీ చూడలేదని నేల మీదే బయల్దేరాను. సాయంత్రం ఐదున్నరకు క్రైస్ట్‌చర్చ్. హాస్టల్లో పడక నలభై ఐదు డాలర్లు. మర్నాడు ఏడింటికి పిక్టన్ రైలు. కుడివైపు కిటికీ అడిగి తీసుకోండి, కైకౌరా దగ్గర సముద్రం పట్టాల పక్కకే వస్తుంది.

"సెలవులకా?" పక్క సీటు పెద్దాయన అడిగాడు.

"కాదు, కౌన్సిల్ మీటింగుకి."

"అయ్యో పాపం," అని నవ్వి పేపరు విప్పాడు. పిక్టన్ దాకా దాన్ని మడవలేదు. రెండింటికి రెండు దీవుల మధ్య నడిచే ఫెర్రీ, ఆరింటికి వెల్లింగ్టన్, అక్కణ్ణుంచి లోకల్ ట్రైన్‌లో ఇరవై నిమిషాలు. మోటెల్లో నూడుల్స్ తిని పడుకున్నాను.

గురువారం పదింటికి సభ. ఆర్తి వాళ్ల అమ్మమ్మ అప్పలమ్మ ఆంటీ ముందు వరసలో కూర్చుంది. ఎనభై రెండేళ్లు. నేను లేచి చదివాను. "పేరు రామన్న. వయసు ఇరవై రెండు. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ." గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆంటీ మాత్రం 'రామన్న' అన్నప్పుడు తలెత్తింది.

ఒక సభ్యుడు మర్యాదగానే అడిగాడు. "అది బానిసత్వమా, కాంట్రాక్టా?"

ఆంటీ కర్ర పట్టుకుని లేచి ఇంగ్లిష్‌లో జవాబిచ్చింది. "మా తాత వేలిముద్ర వేశాడు. అందులో ఏం రాసుందో ఎవరూ చదివి చెప్పలేదు. తోట వదిలి పోతే జైలు. దానికేం పేరు పెడతారో మీరే పెట్టండి."

ఒకరు తప్ప సభ్యులందరూ ఒప్పుకుంటూ చేతులెత్తారు. ఆర్తి ఏడ్చింది. వెంటనే సభ పార్కింగ్ విషయంలోకి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున వాళ్లిద్దరూ స్టేషన్‌కి వచ్చారు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని "ఎల్లొస్తాను" అంది. తర్వాత ఇంగ్లిష్‌లో, "నాకొచ్చిన తెలుగు అదొక్కటే. అమ్మ నేర్పింది. గుడ్‌బై అనే కదా?" అని అడిగింది.

"అలాంటిదే ఆంటీ. వెళ్లి మళ్లీ వస్తాను అని."

ఆవిడ నా చెయ్యి వదలకుండానే అడిగింది. "అయితే తాత వస్తానని చెప్పే బయల్దేరాడా?"

"మా వైపు అందరూ అలాగే చెప్తారు ఆంటీ."

ఇంతలో రైలొచ్చింది.

ఫెర్రీ కదిలినప్పుడు ఒడ్డున చేతులూపుతున్న వాళ్లలో నాకోసం వచ్చినవాళ్లు లేరు. దారి అందమైనదే. వీలైతే తోడు చూసుకుని వెళ్లండి. గిర్మిట్ ముగిసిన రోజుకు సెలవుండదు, దుకాణాలు మూయరు. కౌన్సిల్ కేలెండర్‌లో ఒక వరస, అంతే. ఆ వరస కోసం ఒక పెద్దావిడ అందరి ముందూ నిలబడాల్సి వచ్చింది. ఆవిడ అలా నిలబడటమే నాతో ఇంటిదాకా వచ్చింది.

శనివారం సాయంత్రం ఇన్వర్‌కార్గిల్‌లో దిగగానే ఫోన్ మోగింది. ఆంటీ.

"ఇంటికెళ్లావా బాబూ?" ఇంగ్లిష్‌లోనే అడిగింది.

ఎందుకో నా నోట తెలుగే వచ్చింది. "చేరాను ఆంటీ."

"అంటే?"

"క్షేమంగా వచ్చేశానని."

"తాత నుంచి అక్కడ ఊళ్లో వాళ్లింటికి ఆ మాట వెళ్లి ఉండదు," అంది మెల్లగా. "ఇంకోసారి చెప్పు."

"చేరాను," అన్నాను.