రెండు సైజులు పెద్ద జాకెట్

రెండువేల ఆరులో అనుకుంటా, డిసెంబరు చలిలో భద్రాచలం బస్సులో లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చున్నాను. బస్సు మునుగుతుందని కాదు. మర్నాడు వడిగా పారే నీళ్లలో కయాక్ అనే చిన్న పడవను ఒక్కణ్నే నడపాలి. నాకు ఈత అంతంతమాత్రం, భయం మాత్రం బాగా వచ్చు. లోపల రెండు స్వెటర్లు పట్టాలని, పైగా నేనింకా ఎదుగుతానేమోనని, అమ్మ రెండు సైజులు పెద్దది కొనిపించింది.

పక్క సీటు పెద్దమ్మ చాలాసేపు చూసి అడిగింది.

"గిదేంది బిడ్డా?"

"నీళ్లల్ల తేలడానికి పెద్దమ్మా."

ఆమె జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజింది. అది నా చెవులు దాటింది. నేను కిందే ఉండిపోయాను.

"గిది తేలుతది. నువ్వు మునుగుతవ్."

నవ్వుదామంటే నోరు జాకెట్ లోపల ఉంది.

"లోపల రెండు స్వెటర్లు ఏసుకుంట గదా!"

"అవి నీళ్లు తాగినంక నిన్నే కిందికి గుంజుతయ్."

అంటూనే పట్టీలన్నీ బిగించేసింది.

"ఊపిరాడ్తలేదు పెద్దమ్మా."

"గట్లయితే బస్సుల ఇప్పుకో. నీళ్లల్ల ఇప్పకు."

ఆమె పాల్వంచలో దిగిపోయింది. సారపాక దాటి బస్సు వంతెన ఎక్కగానే కిటికీలోంచి గోదావరి కనిపించింది. పట్టీ ఇంకాస్త బిగించుకున్నాను.