పెద్దత్త గేటు

పెద్దత్త ఇంటికి వెళ్ళడం తేలిక, బయటపడటమే కష్టం. లోపల పావుగంట కూర్చున్నవాళ్ళని గేటు దగ్గర గంట నిలబెట్టేది. "వెళ్ళొస్తానండీ" అంటే "మంచిది" అనేది. తీరా చెప్పులు తొడుక్కున్నాక, "అన్నట్టు..." అనేది.

ఆ 'అన్నట్టు'కి వీధంతా హడలు. పోస్ట్‌మాన్ ఉత్తరాన్ని గోడ మీంచి విసిరి సైకిలెక్కేవాడు. అయినా ఓసారి పెద్దత్త సైకిల్ పక్కనే నడిచి అతని పంటినొప్పి సంగతి కనుక్కుంది. ఆవిడ మేనకోడలైతే సాయంత్రం ఏడు గంటల బస్సు కోసం ఐదున్నరకే లేచి నిలబడేది.

ఆ ఏడాది హైవే వచ్చిపడింది. దాని దారిలో ఈ వీధి పదకొండు ఇళ్ళు. వీధిలో ఉండే పుస్తకాల బైండరు ఒక సంఘం పెట్టి, షాపులో మిగిలిన అట్టలన్నిటి మీదా నినాదాలు రాశాడు. ఎర్ర రంగు డబ్బాతో సర్వేయరు వచ్చిన రోజు అందరూ వీధికి అడ్డంగా నిలబడ్డారు. పెద్దత్త మాత్రం అతన్ని లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది.

"ఇల్లు కూల్చేవాడికి మర్యాదలేంటి అక్కయ్యగారూ?" బైండరు పళ్ళు నూరాడు.

సర్వేయరు నీళ్ళు తాగి, ఆవిడ గోడకే గుర్తు వేసి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

"మంచిది బాబూ. అన్నట్టు, అమ్మకి చూపు ఆనడం లేదా?"

"మీకెలా తెలుసు?"

"నీ చొక్కాకి తెల్ల గుండీని నల్ల దారంతో కుట్టారుగా."

సర్వేయరు రంగు డబ్బాని నాలుగుసార్లు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అమ్మ కంటి ఆపరేషన్ కబుర్లు అయ్యాయి, పై ఆఫీసరు తిట్ల సంగతులు అయ్యాయి. యాభయ్యో నిమిషంలో సర్వేయరు అటూ ఇటూ చూశాడు.

"పాత గిడ్డంగుల మీదుగా ఇంకో దారి కూడా గీశామమ్మా. అభ్యంతరాలు రాసిస్తే అదీ పరిశీలించక తప్పదు. రేపు ఐదింటికి గడువు. నోటీసు మా ఆఫీసులో బీరువా వెనక అంటించారు."

మర్నాడు నాలుగున్నరకి పదకొండు కాగితాలు ఆఫీసుకి చేరాయి. నాలుగు నెలలకి రోడ్డు గిడ్డంగుల వైపు తిరిగింది.

"ఆవిడ వాగుడు ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అన్నాడు బైండరు, పోరాటం తనదే అయినట్టు.

మేనకోడలు అడిగేసింది. "లోపల కూర్చున్నప్పుడే అడగొచ్చుగా అత్తా?"

"లోపల అందరూ బాగానే ఉన్నామంటారే. అసలు మాట చెప్పులేసుకున్నాకే వస్తుంది. కాస్త నిలబడాలి."

పెళ్ళి ఇష్టం లేదని తను చెప్పిందీ ఆ గేటు దగ్గరే, రెండు బస్సులు పోయాక. మేనకోడలికి గుర్తొచ్చింది.

"సరే, వెళ్ళొస్తానత్తా."

"మంచిది."

చెప్పులు తొడుక్కుంది. ఆరోజు ఎందుకో పెద్దత్త ఏమీ అనకుండా గడియ తీసింది. మేనకోడలే గేటు పట్టుకుని ఆగింది.

"అన్నట్టు, నీకెలా ఉందత్తా?"

పెద్దత్త తీసిన గడియ మళ్ళీ వేసింది. ఆ ప్రశ్న ఆవిడని అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. తర్వాత మొదలుపెట్టింది.

ఏడు గంటల బస్సు పోయింది. ఎనిమిది గంటల బస్సు డ్రైవరు వీధి చివర కాసేపు హారన్ కొట్టి చూసి, అలవాటైనవాడు కాబట్టి, వెళ్ళిపోయాడు.