అందరి ముందూ తాళం తీసిన సత్తిబాబు

నిన్న పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మన సత్తిబాబు ఇక లేడు. హైవే మీద యాక్సిడెంట్."

నమ్మలేదు.

నా సంగతి మీకు తెలుసుగా. కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చూడందే కొనను. ఎవడో వెధవ జోక్ ఫార్వర్డ్ చేశాడనుకుని, తిడదామని ఆ నంబర్‌కే ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆత్రేయపురంలో సత్తిబాబు వాళ్లింటికి చేశాను.

వాళ్ల చెల్లెలు ఎత్తింది. "అక్కా" అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది.

అప్పుడు నమ్మాను.

నిన్నటి నుంచి మన బ్యాచ్ పేజీ నిండా "గ్రేట్ సోల్", "జెమ్ ఆఫ్ ఎ పర్సన్".

ఆగండి బాబూ.

కాలేజీలో అతన్ని మనం ఏమని పిలిచామో మర్చిపోయారా? 'దొంగదారి సత్తిబాబు'. నేనూ పిలిచాను. ఇక్కడ జూనియర్లు కూడా ఉన్నారు కాబట్టి ఆ కథ మొదట్నుంచీ చెప్తాను.

మా ఫైనలియర్‌లో ఆన్‌లైన్ బిట్స్ పరీక్షలు మొదలయ్యాయి. మనవాళ్లు ఊరుకుంటారా? పరీక్ష ఒక విండోలో, నోట్సు ఇంకో విండోలో. పక్క సిస్టమ్ వాడికి చాటింగ్‌లో ఆన్సర్లు.

ప్రిన్సిపాల్ గారికి తెలిసిపోయింది. ప్రోగ్రామింగ్‌లో మొనగాడని సత్తిబాబుని పిలిపించారు. అతను ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. పరీక్ష తెరిస్తే చాలు, స్క్రీన్ మొత్తం అదే. ఇంకేదీ తెరుచుకోదు. సబ్మిట్ కొట్టేదాకా బయటికి రాలేం. దానికి మనం పెట్టుకున్న పేరు 'తాళం'.

తాళం చేసినవాడు కూడా మాతో పాటే పరీక్ష రాశాడు. ఫస్టు వచ్చాడు.

ఇంకేముంది!

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అని క్లాసు క్లాసంతా ఒకటే మాట. తనకోసం లోపల ఎక్కడో దొంగదారి పెట్టుకునే ఉంటాడని. అంతకుముందు కాగితం మీద రాసినప్పుడు కూడా ఫస్టు అతనే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఒకరోజు వాళ్లమ్మగారు చేసిన పూతరేకులు డబ్బా నిండా తెచ్చాడు. ఎవరూ ముట్టలేదు. "ఏంటి, మా నోళ్లు మూయించడానికా?" అని మొహం మీదే అడిగేశాను. నవ్వి, మూత పెట్టేసుకున్నాడు పాపం.

నేను అక్కడితో ఆగుతానా? "దొంగదారి లేదని కర్పూరం వెలిగించి ఆర్పండి, నమ్ముతాం" అన్నాను. మన వైపు ప్రమాణమంటే అదే కదా. మనసులో అబద్ధం పెట్టుకుని ఎవడూ ఆర్పడు.

"పరీక్షల టైములో ప్రమాణాలేంటండీ, చదువుకోండి" అని వెళ్లిపోయాడు.

ఆర్పలేదు! ఇక నాకు అనుమానం కూడా కాదు, రూఢి అయిపోయింది.

రెండో మిడ్ పరీక్ష వచ్చింది. నాకది చావో బతుకో. మొదటి దాంట్లో మార్కులు అంతంతమాత్రం. రావులపాలెంలో మా నాన్నగారిది అరటి గెలల వ్యాపారం. "ఈసారి పోయిందంటే చదివింది చాలమ్మా, ఇంట్లో కూర్చో" అనేశారు. ఆయన ఒక మాటన్నారంటే ఇక తిరుగు లేదు.

ఆ రోజు బాగా రాశాను. ఆఖరి బిట్ దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ బిగుసుకుపోయింది. సబ్మిట్ మీద ఎంత నొక్కినా పడదు. టైమ్ అయిపోవస్తోంది.

ల్యాబ్ మేడమ్ వచ్చి చూశారు. "రీస్టార్ట్ చెయ్యమ్మా, ఏం చేస్తాం మరి" అన్నారు. చేస్తే రాసిందంతా పోతుంది. మళ్లీ లాగిన్ అవనివ్వరు. అందరి ముందూ భోరున ఏడ్చేశాను.

వెనక వరసలోంచి సత్తిబాబు లేచాడు. తన పరీక్ష మధ్యలో వదిలేసి.

"మేడమ్, ఒక్క నిమిషమండీ" అని నా కీబోర్డు మీదికి వంగి ఏవో కీలు కలిపి నొక్కాడు.

తాళం ఊడింది. దాని వెనక నా పరీక్ష, నా ఆన్సర్లు పదిలంగా ఉన్నాయి.

"సబ్మిట్ కొట్టండి" అన్నాడు. కొట్టాను.

"చూశారా మేడమ్! ఉంది దొంగదారి!" అని ఎవరో అరిచారు. ఆ అరిచిన మహానుభావుడు నిన్న ఇక్కడ "జెమ్" అని పెట్టాడు. పేరు చెప్పను, ఆయనకి తెలుసు.

"ఎవరికోసం పెట్టావయ్యా ఇది?" అని ఆ సాయంత్రమే పిలిపించి అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"ఇలా బిగుసుకుపోతే తియ్యడానికేనండి."

ఆయన నమ్మలేదు. మనమూ నమ్మలేదు. ఆ రోజు అతను రాసిన పరీక్ష రద్దు చేశారు. ల్యాబ్‌లోకి రానివ్వలేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలకి పంపలేదు. మిగిలిన పరీక్షలన్నీ ప్రిన్సిపాల్ గారి గదిలో, కాగితం మీద, ఒక్కడే రాశాడు.

వాటిల్లోనూ ఫస్టే వచ్చాడు.

"ప్రిన్సిపాల్ గారే ముందు చెప్పేస్తున్నారట" అన్నారు మనవాళ్లు! అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

నేను పాసయ్యాను. నా చదువు ఆగలేదు. ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆ సబ్మిట్ పడబట్టే.

చాన్నాళ్ల తర్వాత పాలకొల్లులో అతను కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడని తెలిసి వెళ్లాను. టీ తాగుతూ అడిగేశాను. "నిజం చెప్పండి, ఆ దొంగదారి మీరు ఎప్పుడైనా వాడుకున్నారా?"

"మీరేమనుకుంటున్నారండీ?" అని నవ్వాడు. అంతే. ఔననలేదు, కాదనలేదు.

వాడుకున్నాడేమో. నాకు ఇప్పటికీ అనుమానమే. మనిషి పోయాడని నా బుద్ధి మారుతుందా?

కానీ ఒక్కటి మాత్రం తెలుసు. ఆ కీలు తెలిసింది నాకై, అక్కడ కూర్చుని ఏడుస్తున్నది అతనై ఉంటే, అంతమంది ముందు నేను నొక్కేదాన్ని కాదు.

నిన్నటి నుంచి అదే తలుచుకుని ఏడుస్తున్నాను.

వెళ్లిరండి సత్తిబాబూ. మాలాంటివాళ్లు లేనిచోట మనశ్శాంతిగా ఉండండి.