కుడి పక్కనుంచి అందిన మాట

దెయ్యాల సంగతి వస్తే నేను మాట మార్చేస్తాను. విజయనగరంలో చాలా ఏళ్ళు శ్మశానం ఎదురుగా ఉన్న ఇంట్లో అద్దెకున్నాం. మా ఆవిడ ఆ వైపు కిటికీ తెరవనిచ్చేది కాదు, పొగ వస్తుందని. అంతకు మించిన భయం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే ఇది రాయాలంటే ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను.

ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. పైచదువు కోసం ఫ్రెంచి నేర్చుకున్నాను. అప్పుడే పందొమ్మిదో శతాబ్దపు నాటక రచయిత ఒకాయన నాకు తారసపడ్డాడు. పేరు చెప్పినా ఎవరికీ తెలియదు, వాళ్ళ దేశమే ఆయన్ని మరిచిపోయింది. సముద్రం ఒడ్డున వలలు అల్లేవాళ్ళ ఇంట్లో పుట్టి, పారిస్ చేరి, చిన్న థియేటర్లకు నవ్వుల నాటకాలు రాసి బతికాడు.

భార్య నటి. ఆయన రాసిన ప్రతి నాటకంలోనూ ఆమెకో వేషం ఉండేది. ఆమె చిన్న వయసులోనే పోయింది. ఆ తర్వాత కూడా ఆయన ఆమె గొంతుకు తగ్గట్టే వేషాలు రాస్తూ వచ్చాడు. వేరేవాళ్ళు వేశారు, నప్పలేదు. నాటకాలు ఆడలేదు.

ముసలితనంలో నవ్వులు మానేసి ఒక చిన్న నాటకం రాశాడు. వేటకెళ్ళి తిరిగిరాని జాలరి కోసం అతని భార్య రోజూ కంచం పెట్టి, ఖాళీ పీటతో మాట్లాడుతూ ఉంటుంది. అంతే కథ. దాన్ని నేను తెలుగు చేశాను.

ఒక్కచోట మాత్రం తప్పుకున్నాను. చివర్లో ఆమె పీటతో అనే మాట ఒకటి ఆ రచయిత పుట్టిన ఊరి యాసలో ఉంది. నీళ్ళ పని నీళ్ళను చేసుకోనివ్వమంటుంది. పదాలు తెలుస్తున్నాయి, ఎందుకంటుందో అంతుపట్టలేదు. ఆ వాక్యం వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు కూడా, చెప్పాల్సినంత సంగతి కాదనిపించింది.

శ్రీకాకుళంలో మా స్నేహితుల నాటక సమాజం దాన్ని వేద్దామంది. ఆ వేషానికి అందరూ నూకాలప్ప పేరే చెప్పారు.

నూకాలప్పది కళింగపట్నం దగ్గర పల్లె. చేపల వ్యాపారం. చదువు రాదు, అయినా నాటక పోటీల్లో ఆమెకు ఎదురుండేది కాదు. భర్త ఎర్రయ్య ఇంటి దగ్గర ఆమెకు నాటకం చదివి వినిపించేవాడు. నాటకం రోజు స్టేజీకి కుడి పక్క తెర చాటున నిలబడి, ఆమె మాట మరిచిపోతే మెల్లగా అందించేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాక ఆమె మళ్ళీ ముఖానికి రంగు వేసుకోలేదు.

నేను వెళ్ళేసరికి ఎండుచేపలు తిరగేస్తోంది. చేతిలో పని ఆపకుండానే కథంతా విన్నది.

"ఇది రాసినోడికి పెళ్ళాం పోయినాదేటి మేస్టారూ?" అంది.

అవునన్నాను.

"అయితే సదవండి. ఇంటాను."

అలా రోజూ కాలేజీ అవగానే బస్సెక్కి వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. ఎర్రయ్య కూర్చునే మూల మాత్రం నన్ను కూర్చోనిచ్చేది కాదు. నేనూ పట్టించుకోలేదు.

ప్రదర్శన రోజు సాయంత్రం నేను ఎడమ పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. అంతా బాగానే నడిచింది. చివరికొచ్చేసరికి నూకాలప్ప పీట ముందు కూర్చుని ఆగిపోయింది. మొదట నటన అనుకున్నాను. పెదవులు వణకడం చూసి తెలిసింది, మాట పోయిందని. అందించాను. గొంతు పెంచి మళ్ళీ అందించాను. ముందు వరుసలో వాళ్ళు నా వైపు తిరిగి చూశారు గానీ ఆమె చూడలేదు.

అప్పుడామె తల కుడి పక్కకు వాల్చింది. ముఖంలో బెదురు పోయింది. పీట వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడుకున్నట్టు అంది:

"నీళ్ళ పని నీళ్ళని సేసుకోనీ మావా. నానెక్కడికీ పోను."

రెండో మాట నేను రాసిందే. మొదటిది నేను వదిలేసింది.

ఆ ఫ్రెంచి వాక్యం అప్పుడు నాకు అర్థమైంది. ఇల్లు చేరలేకపోయానని మునిగిపోయినవాడు బాధపడుతున్నాడేమోనని ఆమె దిగులు. సముద్రం ఎప్పుడు వదిలితే అప్పుడే రా, పరవాలేదు అని ఓదారుస్తోంది. అక్కడే నిలబడి నేను ఏడ్చేశాను.

తెర పడ్డాక అడిగాను, ఆ మాట ఎక్కడిదప్పా అని. కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ మామూలుగా చెప్పింది.

"మావ అందించినాడు గదా. మీరు ఇనలేదేటి?"

"మీ పల్లెలో అలా అంటారా?"

"ఎవులంటారు? నానెప్పుడూ ఇనలేదు." తుడిచిన గుడ్డ మడుస్తూ అంది, "గొంతు ఇంకా బొంగురుగానే ఉన్నాది. దగ్గు తగ్గినట్టు లేదు."

కుడి పక్కన తెర తాడు పట్టుకున్నది సమాజం కుర్రాడు అప్పన్న ఒక్కడే. నేనేమీ అడగకముందే అతనే అన్నాడు: "మీరు ఇటేపొచ్చి అందించినారనుకున్నాను మేస్టారూ. నా ఎనకాల ఎవులో మెల్లగా అన్నారు. తాడు మీదున్నాను, తిరిగి సూడలేదు."

చదివేటప్పుడు పొరపాటున ఆ మాట నా నోటివెంట వచ్చిందేమోనని చాలాసార్లు ఆలోచించాను. అర్థం కాక వదిలేసినదాన్ని తెలుగులో ఎప్పుడూ అనుకోనైనా అనుకోలేదు. ఆమె చదవగలిగి ఉన్నా నా కాగితాల్లో అది లేదు. యాదృచ్ఛికం అనేవాళ్ళు అననీ. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకోవాలని చూశాను, కుదరలేదు.

మొన్న విజయనగరంలో మళ్ళీ వేశాం. ఈసారి ఆ మాట రాసి పెట్టుకున్నాను. కుడి పక్కకు వెళ్ళి నిలబడబోతే నూకాలప్ప చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు అటేపే ఉండండి మేస్టారూ."

ఎడమ పక్కనే నిలబడ్డాను. చివరికొచ్చాక ఆమె ఆగింది. తల వాల్చింది. నాకేమీ వినిపించలేదు. ఆమె చిన్నగా నవ్వుకుని ఆ మాట అంది.

మాట మరిచిపోయి ఆగిందో, వినాలని ఆగిందో నేను అడగలేదు.