మూడు పేపర్లలో ఒకే వయసు

ఉంగుటూరు దగ్గరి ఒక చిన్న ఊళ్లో ప్రభావతి గారు గ్రంథాలయం చూసేవారు. ఒక గది, రెండు బల్లలు, రోజూ మూడు దినపత్రికలు.

2005 వానల్లో ఓ తెల్లవారుజామున కాలువగట్టు తెగి నలభై ఎకరాల వరి మునిగింది. మర్నాడు మూడు పేపర్లలోనూ ఒకే వార్త: చెరువులోకి నీళ్లు మళ్లించుకోవాలని చేపలచెరువు కాపలాదారు యోసేపు (45) గట్టు తెగ్గొట్టాడు. అప్పటికే పోలీసులు అతన్ని తీసుకుపోయారు.

"మూడూ ఒకటే రాస్తే ఇంకా అనుమానమేంటండీ?" అన్నారు రోజూ గ్రంథాలయంలోనే పేపరు చదివే చలపతిరావు గారు. మునిగిన పొలంలో సగం ఆయనదే.

ప్రభావతి గారూ తలూపారు. సాయంత్రం పేపర్లు మడతపెడుతుంటే ఆ అంకె దగ్గర చెయ్యి ఆగింది. యోసేపుకి అరవై దాటాయి. ఒకరు పొరపడొచ్చు గానీ ముగ్గురూ ఒకేలా ఎలా పొరపడతారు?

తెలిసిన విలేకరికి ఫోన్ చేశారు.

"నేను రాసిందే మిగతా ఇద్దరికీ ఇచ్చానండీ," అన్నాడతను.

"మరి మీకెవరు చెప్పారు?"

"చలపతిరావు గారండీ."

మూడు పేపర్లూ కలిపి ఒక్క మనిషి మాట. ఆయనైనా కళ్లారా చూశారా?

యోసేపు భార్య పుష్పమ్మ, ఆ రాత్రంతా ఆయన జ్వరంతో ఇంట్లోనే పడుకున్నారని చెప్పింది. ప్రభావతి గారు అదీ పూర్తిగా నమ్మలేదు. భర్త కోసం ఏ భార్యయినా ఆ మాటే అంటుంది. గట్టు చూసుకునే లస్కరు సీమోను, ఎవరో తెగ్గొట్టే ఉంటారన్నాడు. అలా అంటేనే అతని ఉద్యోగానికి క్షేమం.

ఆ గట్టు మీదే గేదెలు మేపుకునే పాపమ్మను అడిగారు.

"తెగకముందు నాలుగు రోజుల్నించీ గట్టులోంచి నీళ్లు ఊరాయండీ. అన్నీ ఎలుక బొరియలే. సీమోనుతో చెప్పానండీ."

ప్రభావతి గారు మళ్లీ సీమోను దగ్గరికెళ్లారు.

"చెప్పిందండీ. రేపు చూద్దాంలే అనుకున్నాను."

చెప్పినవాడికే ముప్పు తెచ్చే ఆ మాటను ఆమె నమ్మారు. అతన్ని వెంటబెట్టుకుని కాలువల ఇంజనీరు గారి దగ్గరికెళ్లారు. ఆయన వచ్చి గట్టు తవ్వించి, ఎలుక బొరియల వల్లే తెగిందని తేల్చాక, మూడోరోజు పోలీసులు యోసేపును వదిలేశారు.

యోసేపు గ్రంథాలయానికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరూ నమ్మారాండీ?"

"మొదటిరోజు నమ్మాను," అన్నారామె.

అతను లోపలికి రాకుండానే వెనుదిరిగాడు. చలపతిరావు గారు ఆ తర్వాత టీకొట్లోనే పేపరు చదువుకునేవారు.