పచ్చబొట్టు గాజులు

నేను పెంచి చెప్పే మనిషిని. ముందే ఒప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు. నేను చెప్పినదాంట్లో మా ఆవిడ సగం తీసేసి వింటుంది, మా అత్తగారు ముప్పాతిక తీసేసి వింటుంది, మా తమ్ముడైతే అసలు వినడు. పిల్లి అడ్డొస్తే పులి అంటాను. చినుకు పడితే తుఫాను అంటాను. ఇప్పుడు రాస్తున్నదాంట్లో తుఫాను ఒకటి నిజంగానే ఉంది. దాన్ని మాత్రం ఉన్నంతే రాస్తాను. దాన్ని పెంచే శక్తి నాకు లేదు.

తొంభైల చివర్లో విశాఖపట్నంలో, ఫిషింగ్ హార్బర్ దగ్గర, ఒక రొయ్యల ఫ్యాక్టరీలో హైజీన్ సూపర్‌వైజర్‌గా చేరాను. మాది గోదావరి వైపు. నాన్నగారు పోర్టులో ఉద్యోగానికని వచ్చి, పెందుర్తిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. నాకు జువాలజీ డిగ్రీ ఉంది, వేరే పని దొరకలేదు. హైజీన్ సూపర్‌వైజర్ అంటే తెల్ల కోటు, తెల్ల టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, చేతులు కడుక్కోండి అని రోజుకి నాలుగు వందల సార్లు అనే మనిషి. సాయంత్రం నేను పెందుర్తిలో బస్సు దిగితే అక్కడున్న పిల్లులన్నీ ఊరేగింపుగా నా వెనక నడిచేవి. సరే, రెండు పిల్లులు. అందులో ఒకటి పక్కింటివాళ్ళది.

బయట తారు కరిగే ఎండలో కూడా ఫ్యాక్టరీ లోపల మా మాటలు నోట్లోనే గడ్డకట్టి కింద పడేవి. పొడుగాటి స్టీలు బల్లల ముందు రెండు వందల మంది ఆడవాళ్ళు నిలబడి, మంచులోంచి రొయ్య తీసి, తల తుంచి, పెంకు ఒలిచి, వీపున ఉన్న నల్ల నరం లాగి, మళ్ళీ మంచులో వేసేవారు. ఎక్కువమంది జాలరిపేట వాళ్ళే. వాళ్ళ మగవాళ్ళు వేటకెళ్ళి తెచ్చిన రొయ్యని వీళ్ళు ఒలిస్తే, అది గట్టి దిమ్మలుగా గడ్డకట్టి, అట్టపెట్టెలకెక్కి, ఓడలో యూరప్ వెళ్ళేది. అక్కడ తినేవాళ్ళని మాలో ఎవరూ చూడలేదు. కానీ వాళ్ళ పండగలు వాళ్ళకన్నా ముందు మాకే వచ్చేవి. వాళ్ళ క్రిస్మస్ మా బల్లల మీద సెప్టెంబరులోనే మొదలయ్యేది. ఆ దేశాల్లో మంచు ఎక్కువ పడి జనం బజారుకి రాకపోతే, ఇక్కడ జాలరిపేటలో కొన్ని పొయ్యిలు వెలిగేవి కావు.

మొదటి బల్ల దగ్గర ఒకావిడ ఉండేది. నాకన్నా పదేళ్ళు పెద్ద. అక్కా అనేవాణ్ణి. పని చేస్తుంటే ఆవిడ చేతులు కనిపించేవి కావు. ఈ పక్క నుంచి రొయ్య వెళ్ళేది, ఆ పక్క నుంచి పెంకు లేకుండా వచ్చేది, మధ్యలో ఏం జరిగిందో నా డిగ్రీకి అందేది కాదు. భర్త మర పడవ మీద కలాసీ. వెళితే పన్నెండు, పదిహేను రోజులకి గానీ ఒడ్డుకి రాడు. ఇద్దరు ఆడపిల్లలు. వేటలో వచ్చే వాటా ఒకసారి ఉంటే ఇంకోసారి ఉండదు కాబట్టి ఇల్లు నడిచేది ఈవిడ పని మీదే.

ఒక రోజు యూరప్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మేము పంపిన సరుకులో, ఎవరి పళ్ళెంలోనో, గాజు ముక్క దొరికిందట. బియ్యపు గింజంత. ఫొటో కూడా పంపారు. ఫ్యాక్స్‌లో వచ్చిన ఫొటో కాబట్టి నల్లటి మరక తప్ప ఏమీ కనిపించలేదు, కానీ కింద ఆకుపచ్చ రంగు అని రాశారు. మేనేజరు ఆ కాగితాన్ని గోడకి అంటించాడు. ఆడవాళ్ళందరూ వరసగా వచ్చి ఆ మరకని చూశారు. చూసి, ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. అందరి చేతులకీ ఆకుపచ్చ గాజులే.

ఆ వెనకే నియమాల కాగితం వచ్చింది. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పువ్వులు, బొట్టుబిళ్ళలు ఏవీ లోపలికి రాకూడదు. రెండు నెలల్లో దొర ఒకాయన తనిఖీకి వస్తాడు. ఆయన సరే అంటేనే సరుకు వెళుతుంది. ఈ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించే పని నాకు పడింది. బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద నిలబడి చదివాను.

వెనక బల్ల నుంచి ఒకావిడ అంది.

"ఆ ముక్క మీద మా పేర్లేటైనా రాసున్నాయేటి బాబూ?"

"ఆల్లింట్లో గలాసే ఇరిగుంటాది. తెచ్చి మన నెత్తిన రుద్దుతన్నారు," అంది ఇంకొకావిడ.

"రొయ్యకి గాజులెవులు తొడిగారో అడుగు బాబూ దొరని. ఆ రొయ్య పెల్లికి మమ్మల్నెందుకు పిలవలేదో కూడా అడుగు."

అందరూ నవ్వారు. మొదటి బల్ల ఆవిడ నవ్వలేదు. నవ్వులు ఆగాక నా దగ్గరికి వచ్చింది.

"నా పెనిమిటి సంద్రం మీదున్నాడు బాబూ. ఆడు ఒడ్డుకొచ్చిన దినాన సెప్పు, మోసేతుల దాకా కడుక్కుని ఒట్టి సేతుల్తో వత్తాను. ఆడు నీటి మీదున్నన్నాల్లూ నాను తియ్యను."

నాకు ఇరవై నాలుగేళ్ళు. జువాలజీ చదివినవాణ్ణి. "సముద్రానికి నీ గాజులు కనపడతాయా అక్కా?" అన్నాను.

ఆవిడ గోడ మీద ఉన్న ఫ్యాక్స్ వైపు చూసింది.

"అంత దూరంలో ఉన్న దొరకి కనపడ్డాయి గదా. ఈ పక్కనున్న సంద్రానికి కనపడవేటి?"

నేను కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

చాలామంది మెల్లగా దారికొచ్చారు. గేటు దగ్గర సబ్బు నురగ రాసుకుని గాజులు తీసి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, సాయంత్రం మళ్ళీ తొడుక్కునేవారు. తీసేటప్పుడు కొందరు కళ్ళు మూసుకునేవారు. ఆవిడ తియ్యలేదు. లోపలికి రానివ్వద్దని మేనేజరు నాకు చెప్పాడు. గేటు దగ్గర ఆపింది నేనే. మొదటి రోజు మధ్యాహ్నం దాకా గోడ నీడలో కూర్చుంది. రెండో రోజు కూడా కూర్చుంది. మూడో రోజు నుంచి రాలేదు.

వారం పోయాక వచ్చింది. మణికట్లకి పాత చీర పీలికలు చుట్టుకుని ఉంది. నా ముందు నిలబడి వాటిని విప్పింది. చేతులు మోచేతుల దాకా వాచి ఉన్నాయి. ఒక్కో మణికట్టు చుట్టూ నాలుగు ఆకుపచ్చ గీతలు, గుండ్రంగా, ఎక్కడా తెగకుండా. పూర్ణా మార్కెట్ వెనక సందులో పచ్చబొట్లు పొడిచే ముసలావిడ దగ్గర రెండు రోజులు కూర్చుందట.

"ఏమిటక్కా ఇది?"

"గాజులే బాబూ. ఇరగవు, రాలవు, ఎవుల పల్లెంలోనూ పడవు. నీ కాయితంలో ఇయి తియ్యమని రాసుందేటో సూడు."

కాగితం మొత్తం చూశాను. రాసి లేదు.

మానని చెయ్యి మంచులో పెట్టకూడదు కాబట్టి ఆవిణ్ణి మూడు వారాలు అట్టపెట్టెలు మడిచే గదిలో వేశాను. ఆ తర్వాత దొర వచ్చాడు. ట్యూబ్‌లైట్ల కింద వంగి నడిచేంత పొడుగు. సరే, వంగలేదు, కానీ వంగుతాడేమోనని మేమందరం కాచుకుని ఉన్నాం. అన్ని బల్లలూ చూసుకుంటూ వచ్చి ఆవిడ దగ్గర ఆగాడు. ఆవిడ మణికట్టు పట్టుకుని బొటనవేలితో రుద్దాడు. ఇది ఊడుతుందా అని నన్ను అడిగాడు. ఊడదన్నాను. చేతిలో ఉన్న కాగితం మీద టిక్కు పెట్టుకుని ముందుకెళ్ళాడు. సరుకు కదిలింది. ఏడాది తిరిగేసరికి మా బల్లల దగ్గర అలాంటి పచ్చ చేతులు ఇంకో పదిమందికి వచ్చాయి.

రెండువేలు దాటాక ఒక కార్తీకమాసంలో వాయుగుండం పట్టి తుఫానైంది. ఆరుగురితో వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఇద్దరిని వేరే పడవవాళ్ళు తెచ్చారు. నలుగురు దొరకలేదు. ఆవిడ భర్త ఆ నలుగురిలో ఉన్నాడు.

నెల రోజులు చూశారు. ఆ నెలంతా ఆవిడ పనికి వచ్చింది. ఎప్పటిలాగే ఒలిచింది. నెల దాటాక ఇక రారని పెద్దలు అనుకుని, కర్మ చేయడానికి రోజు పెట్టారు. ఫ్యాక్టరీ నుంచి ముగ్గురం వెళ్ళాం. జాలరిపేట ఒడ్డున, పైకి లాగిపెట్టిన తెప్పల పక్కన, నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టారు. ముగ్గురి గాజులు రాయి మీద పెట్టి పగలగొట్టారు. నాలుగోది ఈవిడ. ఇంటి దగ్గర వేసుకునే గాజు గాజులు కూడా చేతికి ఉన్నాయి. అవి పగిలాయి. వాటి కింద ఆ నాలుగు గీతలు అలాగే ఉన్నాయి.

గాజులు పగలగొట్టే ముసలావిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇయి ఎలాగే తల్లీ," అంది.

వెనక నుంచి ఎవరో ఆడమనిషి అంది. "సున్నం, సబ్బూ కలిపి కట్టుకడితే ఊడొత్తాదంటారు."

"సర్మం కూడా ఊడొత్తాది," అంది ఇంకో గొంతు.

కులపెద్ద కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయనా ఏడ్చి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ ముగ్గురికీ తీసి ఈయమ్మకి ఒగ్గేత్తే ఎలాగ? రేపు ఆల్లు అడగరేటి? సున్నం తెండి," అన్నాడు.

ఎవరో ఇంట్లోకి వెళ్ళారు. ఆవిడ చేతులు అలాగే చాచి కూర్చుంది. పిల్లలిద్దరూ నానమ్మని పట్టుకుని ఉన్నారు. ఆ చేతుల మీదికి సూదులు తెచ్చింది నేను చదివిన కాగితం. ఇప్పుడు సున్నం వస్తోంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెద్దయ్యా, ఒక్క మాటండి. అప్పట్లో తనిఖీకి వచ్చిన దొర ఈ చేతులు చూసి నాతో ఒకటి చెప్పాడు. వాళ్ళ నాన్న కూడా సముద్రంలోనే పోయాడట. మనిషి దొరకలేదట. వాళ్ళలో పెళ్ళి ఉంగరం ఉంటుంది కదండి, మనిషి దొరక్కపోతే భార్య దాన్ని తీయదట. తీస్తే ఆయనకి ఒడ్డు తెలియదని. వాళ్ళమ్మ ఇప్పటికీ వేలికి ఉంచుకుందటండి."

సున్నం తెస్తున్న మనిషి దారిలోనే ఆగింది.

"దొరలు కూడా సంద్రంలో పోతారేటి?" అని అడిగింది ఆవిడ అత్త.

"పోతారమ్మా."

ఆ ముసలమ్మ పిల్లల్ని వదిలి ముందుకొచ్చింది. కోడలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు మీద అంటుకున్న గాజు పెంకులు ఒక్కొక్కటే కొంగుతో తుడిచింది.

"ఉండనీండి. నా కొడుక్కి ఒడ్డు తెలవాల."

కులపెద్ద నన్ను చూశాడు. "దొర సెప్పాడా, నిజంగా?"

"నాతోనే చెప్పాడండి."

సముద్రం వైపు చూసి, "సర్లే, ఆల్ల పద్దతీ సంద్రం పద్దతే గదా," అన్నాడు. సున్నం వెనక్కి వెళ్ళింది.

ఆవిడ మళ్ళీ మొదటి బల్ల దగ్గరికి వచ్చింది. వారం పోయాక చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఆ దొర తల్లి ఇంకా ఉన్నాదా బాబూ?"

"ఉందక్కా."

"ఒక్కర్తేనా?"

"ఒక్కర్తే."

ఆ తర్వాత ఏటా తనిఖీకి ఎవరో ఒక దొర వచ్చినప్పుడల్లా అడిగేది. ఆ ముసలమ్మ ఎలాగున్నాదని. నా సంగతి తెలిసిందే కదా, ఉత్తినే బాగుందని ఊరుకోలేను. ఒక ఏడు ఆ దొర తల్లికి మోకాళ్ళ నొప్పులు తెప్పించాను. ఇంకో ఏడు కంటి ఆపరేషన్ చేయించాను. తర్వాత పళ్ళన్నీ ఊడాయన్నాను. ఆవిడ ప్రతిసారీ శ్రద్ధగా విని, "పాపం, ఎవులున్నారు ఆయమ్మకి," అనేది.

పదేళ్ళు చేసి ఆ ఉద్యోగం మానేశాను. చివరి రోజు ఆవిడ గేటు దగ్గర ఒక న్యూస్‌పేపరు పొట్లం ఇచ్చింది. ఎండు చేప.

"కొత్త కొలువులోకి ఎల్తన్నావు గదా. దొరలు అక్కడికీ వత్తారు. ఆ ముసలమ్మకి పంపించు బాబూ. పల్లు లేవన్నావు గదా, ముల్లు తీసేసాను."

ఏది కల్పించానో చెప్పాలి. పిల్లుల సంగతీ, దొర పొడుగూ అలా ఉంచండి, అవి పెంపు. కల్పించింది ఆ తల్లిని. దొర నాతో ఇది ఊడుతుందా అన్నాడు, అంతే. వాళ్ళ నాన్న సముద్రంలో పోలేదు, పోయాడేమో నాకు తెలియదు. వాళ్ళ దేశంలో మొగుడు పోయినావిడ ఉంగరం ఏం చేస్తుందో నాకు ఆ రోజు తెలియదు, ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. అడిగితే వేరే జవాబు వస్తుందేమోనని. ఆవిడకి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలిసినంతలో జాలరిపేటవాళ్ళకి ఆ దొర తల్లి ఇంకా ఉంగరం పెట్టుకునే ఉంది.

పొట్లం ఎక్కడికీ పంపలేదు. పంపడానికి ఎవరున్నారు. నెల రోజులు వంటింట్లో పై అరలో ఉంచాం. తర్వాత మా ఆవిడ వంకాయల్లో వేసి వండింది. ఎవరిచ్చారని అడిగితే మొదటిసారి మా ఆవిడకి ఏమీ పెంచకుండా చెప్పాను. అన్నం పెట్టుకుని ఇద్దరం తిన్నాం. ఒక్క ముల్లు కూడా తగల్లేదు.