చాండ్లర్ నుంచి టూసాన్‌కి: చెవులతో చదివే బడి

మా అమ్మాయి సహస్రకి అప్పుడు పదేళ్లు. తను అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పలేక మేమే తడుముకునేవాళ్లం. కానీ పుస్తకం ముందు పెడితే చాలు, అక్షరాలు తనకి ఒక పట్టాన చిక్కేవి కావు. దీన్ని డిస్‌లెక్సియా అంటారని పరీక్షలు చేసిన డాక్టరు చెప్పారు. 2012 చలికాలంలో సహస్ర పొద్దున్నే బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని, బడికి వెళ్లనని మొండికేయడం మొదలుపెట్టింది. టూసాన్‌లో ఇలాంటి పిల్లల కోసమే ఒక చిన్న ప్రైవేటు బడి ఉందని, అక్కడ కంప్యూటర్ల సాయంతో చదువు చెబుతారని ఒక స్నేహితురాలు చెప్పింది. ఫోన్ చేస్తే, పాపతో సహా వచ్చి ఒక రోజు క్లాసులో కూర్చోమన్నారు. దానికి ఫీజేమీ లేదు.

మేముండే చాండ్లర్‌లో పొద్దున ఆరున్నరకి బయల్దేరి ఐ-టెన్ హైవే మీద వెళితే టూసాన్‌కి దాదాపు గంటన్నర ప్రయాణం. కాసా గ్రాండే ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా బీడు భూములే. గాలి లేచిందంటే దుమ్ములో ముందు కారు కూడా కనపడదు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. దారిలో కాఫీకి ఆగితే, కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ సహస్రని చూసి, ఈరోజు బడి లేదా అని నవ్వుతూ అడిగింది. సహస్ర నా చెయ్యి వదిలించుకుని కారు దగ్గరికి వెళ్లిపోయింది.

మా ఆయన కిరణ్, నేనూ మాస్టర్స్‌లో క్లాస్‌మేట్స్‌మి. ఇద్దరం మొహమాటం లేకుండానే వాదించుకుంటాం.

"కంప్యూటర్ చదివి వినిపిస్తే అది చదవడం ఎలా అవుతుంది? రేపు కాలేజ్‌లో ఎవరు చదివి పెడతారు?" అన్నాడు కిరణ్, కారు మళ్లీ కదిలాక, గొంతు తగ్గించి.

"ముందు చూద్దాం. చూడకుండానే డిసైడ్ చేయకు."

"ఐ కెన్ హియర్ యూ," అంది సహస్ర వెనక సీట్లోంచి.

క్లాసులో పదిమంది లోపే పిల్లలు. టీచర్ పేరు ఎలెన్, నడివయసు మనిషి. మొదటి గంట కంప్యూటర్ల జోలికే పోలేదు. పిల్లలు ఇసుక పరిచిన పళ్లేల్లో వేలితో అక్షరం దిద్దుతూ దాని శబ్దాన్ని పైకి పలికారు. తర్వాత లాప్‌టాప్‌లు తెరిచారు. తెరమీద పాఠాన్ని ఒక గొంతు చదువుతూ ఉంటే, పలుకుతున్న మాట పసుపు రంగులో వెలుగుతూ ముందుకి కదులుతోంది. రాయడం కష్టమైన పిల్లలు మైకులో చెబుతుంటే ఆ మాటలు తెరమీద పడుతున్నాయి.

కిరణ్ కారులో అడిగిన ప్రశ్నే ఎలెన్‌నీ అడిగాడు. ఆవిడ విసుక్కోలేదు. "చదవడం నేర్పడం మేం మానం, రోజూ మొదటి గంట అదే. కానీ అది వచ్చేదాకా సైన్సూ చరిత్రా ఆగిపోకూడదు కదా," అంది.

సహస్ర అగ్నిపర్వతాల పాఠం ఎంచుకుంది. తన బడిలో తనకి ఇచ్చేవి ఒకటో తరగతి పుస్తకాలు. ఇది అయిదో తరగతిది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విన్నాక, ఆ గొంతు చదివే వేగాన్ని తనే పెంచుకుంది. మళ్లీ పెంచింది. కిరణ్ పక్కన కూర్చుని ఆ హెడ్‌ఫోన్స్ తన చెవులకి పెట్టుకున్నాడు.

"ఇంత ఫాస్టా? నాకే ఒక్క ముక్క అందట్లేదు. తగ్గించనా?"

"నో నాన్నా. నాకు అర్థం అవుతుంది."

"అయితే ఏం చెప్పింది?"

లావా ఎందుకు పైకి తన్నుకొస్తుందో, చల్లారాక ఏ రాయి అవుతుందో సహస్ర ఆగకుండా చెప్పింది. కిరణ్ హెడ్‌ఫోన్స్ తీసి, సహస్ర జుట్టు సరిచేసి, మెల్లగా మళ్లీ పాప చెవులకి పెట్టాడు. తర్వాత లేచి బయటికి వెళ్లి, వరండాలో గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

సహస్ర సంతోషిస్తుందనుకున్నాను. మధ్యాహ్నం ఆరుబయట బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా విప్పుతుంటే, కళ్లనిండా నీళ్లతో, కోపంగా అడిగింది: "అమ్మా, ఇది ముందే ఉందా? మరి నాకెందుకు ఎవరూ ఇవ్వలేదు?"

డబ్బా పక్కన పెట్టి తన వీపు నిమిరాను.

బడిలో సీటు ఆగస్టుకి గానీ దొరకలేదు. అప్పటిదాకా అదే సాఫ్ట్‌వేర్‌ని ఇంట్లో లాప్‌టాప్‌లో వేసుకున్నాం. ఇప్పుడు నేనూ సహస్రా టూసాన్‌లో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. కిరణ్ ఉద్యోగం చాండ్లర్‌లో కాబట్టి శుక్రవారం సాయంత్రం వస్తాడు. ముగ్గురికీ కష్టంగానే ఉంది. అక్షరాలతో సహస్ర పోరాటం ఇంకా తీరలేదు, యంత్రం దాన్ని తీర్చదు కూడా. పైకి ఒక పేజీ చదవాలంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. కానీ తెలుసుకోవాలనే ఆకలి ఉన్న పిల్ల, ఆ పేజీ అయ్యేదాకా పస్తుండక్కర్లేదు. బాత్రూమ్ తలుపు గడియ పడడం మానేసింది.

ఇలాంటి బడిని చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. తల్లిదండ్రులకి చూపించే టూర్‌తో సరిపెట్టుకోకండి; పాఠాలు జరిగే రోజు అడిగి, పిల్లని వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు కారులో మొదట పిల్లనే మాట్లాడనివ్వండి.